బ్రిటన్‌కు ఏమీ కాలేదంటే నేనొప్పుకోను

"బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికొచ్చేసి ఇన్నేళ్ళయింది. ఆకాశం ఏమన్నా ఊడిపడిందా?" ఈమధ్య భీమవరంలో నాకు తరచూ ఎదురవుతున్న ప్రశ్న ఇది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్‌ల మధ్య వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాక మరీ ఎక్కువైంది. మన రొయ్యల మీద అక్కడ వేస్తున్న సుంకం పోతుందన్న వార్త ఆక్వా రైతులందరి ఫోన్లలోనూ తిరిగింది. కాళ్ళ మండలంలో చెరువులు చేస్తున్న మా బాబాయ్ అయితే ఒక పెళ్ళి భోజనాల దగ్గర అందరి ముందూ నన్ను నిలేశాడు. "వాళ్ళు ఆ కూటమిలోనే ఉండిపోయుంటే మనతో విడిగా సంతకం పెట్టగలిగేవారా? చెప్పు. బయటికొచ్చారు కాబట్టే వాళ్ళకీ బాగుంది, మనకీ బాగుంది."

నెల తిరిగేసరికి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోయింది. చెరువు గట్ల మీద మాట ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరి పంచనా చేరక్కర్లేదు, ఏ కూటమీ అక్కర్లేదు, బ్రిటన్‌లాగా మన కాళ్ళ మీద మనం నిలబడితే చాలు అని. కడుపు మండి అన్న మాటను నేను తప్పుపట్టను. పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు పెట్టుకుని, కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) రేటు పడిపోయిందని విన్నవాడు అంతకంటే నెమ్మదిగా మాట్లాడలేడు. కానీ ఆ కోపం కింద ఒక నమ్మకం ఉంది. పెద్ద వాణిజ్య కూటమిని ఒక దేశం వదిలేసినా దానికి పెద్దగా ఏమీ కాదన్న నమ్మకం. అది నిజం కాదు. పండించిన దాంట్లో ఎక్కువ భాగం సముద్రం దాటించి బతికే మనలాంటి ప్రాంతానికి అది ప్రమాదం కూడా.

చచ్చిన రొయ్య తేలలేదు కదా అంటే

మన చెరువుల్లో రెండు రకాల జబ్బులున్నాయి. తెల్లమచ్చ వచ్చిందంటే వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. రొయ్య నీరసించి గట్టు వారకి వస్తుంది, చెక్ ట్రేలో మేత అలాగే మిగిలిపోతుంది, తెల్లారేసరికి చచ్చిన రొయ్య తేలుతుంది. రైతు పరుగెత్తుతాడు, చుట్టుపక్కల వాళ్ళు జాగ్రత్త పడతారు, దొరికిన రేటుకి పట్టుబడి చేసేస్తారు. ఈహెచ్‌పీ అలా కాదు. రొయ్య చావదు. మేత తింటుంది. ఏరేటర్లు తిరుగుతాయి, కరెంటు బిల్లు మామూలుగానే వస్తుంది. రెండు నెలలు దాటాక విసురు వల వేసి చూస్తే, యాభై కౌంట్‌కి రావాల్సిన చెరువు ఇంకా వంద దగ్గరే ఉంటుంది. చూడ్డానికి నష్టం ఏదీ కనపడదు. అదే సీడు, అదే మేత వాడిన పక్క చెరువుతో పోల్చుకుంటే తప్ప ఎంత పోయిందో తెలీదు. ఇన్నేళ్ళుగా మన రైతులని ఈ రెండిట్లో ఏది ఎక్కువ ముంచిందని అడిగితే, తెల్లమచ్చ పేరు చెప్పేవాళ్ళ కంటే ఈహెచ్‌పీ పేరు చెప్పేవాళ్ళే ఇప్పుడు నాకు ఎక్కువ కనిపిస్తున్నారు.

అమెరికా సుంకం తెల్లమచ్చ లాంటిది. ప్రకటించిన మర్నాడే ధరలో కనపడింది, ముఖ్యమంత్రి దాకా వెళ్ళింది. బ్రిటన్‌కు పట్టింది రెండోది.

2016 జూన్ 23న ఓటింగ్ జరిగింది. 51.9 శాతం మంది బయటికి వెళ్దామన్నారు. మర్నాడు పౌండు విలువ 31 ఏళ్ళలో ఎన్నడూ లేనంత కిందికి పడింది. అందరికీ కనపడిన దెబ్బ అదొక్కటే. ఆ తర్వాత బ్యాంకులు మూతపడలేదు, కొట్ల ముందు క్యూలు లేవు, ముందు భయపెట్టినట్టు వెంటనే మాంద్యం రాలేదు. 2020 జనవరి 31న అధికారికంగా బయటికొచ్చి, ఆ ఏడాది చివర్లో, సభ్యదేశాలన్నీ ఒకే నియమాలతో నడిచే ఒకే మార్కెట్టునూ, లోపల సుంకం లేకుండా బయటివాళ్ళకి అందరూ ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్‌నూ కూడా వదిలేశారు. "ఏమైంది? ఏమీ కాలేదు" అనడానికి సరిపోయినంత ప్రశాంతత.

కానీ అక్కడి ప్రభుత్వ పద్దుల్ని స్వతంత్రంగా తూచే సంస్థ ఒకటుంది, ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అని. కూటమిలోనే ఉండిపోయుంటే ఉండే స్థాయితో పోలిస్తే దేశం ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందనీ, ఎగుమతులూ దిగుమతులూ 15 శాతం తక్కువగా ఉంటాయనీ దాని అంచనా. సెంటర్ ఫర్ యూరోపియన్ రిఫార్మ్‌లో జాన్ స్ప్రింగ్‌ఫర్డ్ అనే ఆర్థికవేత్త ఇంకో దారిలో వెళ్ళాడు. అంతకు ముందు బ్రిటన్ ఎలా పెరుగుతూ వచ్చిందో అచ్చంగా అలాగే పెరిగిన దేశాలను కలిపి, బయటికి రాని బ్రిటన్ ఒకటి ఉంటే ఎలా ఉండేదో లెక్క కట్టాడు. 2022 మధ్యకి అసలు బ్రిటన్ దానికంటే 5.5 శాతం చిన్నదిగా తేలింది. మనం పక్క చెరువుతో పోల్చినట్టే.

ఇక్కడ నాకూ ఒక సందేహం ఉంది. పక్క చెరువు కళ్ళెదురుగా ఉంటుంది. బయటికి రాని బ్రిటన్ ఎక్కడా లేదు, లెక్కల్లో తప్ప. పైగా కస్టమ్స్ గీత పడింది కోవిడ్ నడుమ. ఏడాది గడిచాక ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ ధరలు. ఏ నష్టం దేని ఖాతాలో రాయాలి? దానికి తోడు బ్రిటన్ సేవల ఎగుమతులు, అంటే కన్సల్టెన్సీ, ఫైనాన్స్ లాంటివి, చాలామంది అనుకున్న దానికంటే బాగా పెరిగాయి. అందుకని నాలుగే అని నేను పట్టుబట్టను. మూడు కావచ్చు, ఐదు దాటొచ్చు. కానీ కోవిడ్ ఫ్రాన్స్‌కీ వచ్చింది, గ్యాస్ ధర జర్మనీకీ పెరిగింది. అన్ని చెరువులకీ ఒకే వాన పడినప్పుడు, ఒక్క చెరువులోనే రొయ్య పొట్టిగా ఉంటే కారణం వానలో వెతకం.

యానాంలో అయితే కళ్ళకే కనిపిస్తుంది

ఈ వ్యవహారం మనకి దూరపు సంగతి అనుకునేవాళ్ళకి నేను యానాం చూపిస్తాను. డెల్టా మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ గోదావరి జిల్లాలు. ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పుడు 1941లో బ్రిటిష్ ఇండియాకీ ఫ్రెంచి స్థావరాలకీ మధ్య కస్టమ్స్ యూనియన్ కుదిరింది. స్వతంత్రం వచ్చాక, 1949లో, భారత ప్రభుత్వం దాన్ని రద్దు చేసి ఆ స్థావరాల చుట్టూ కస్టమ్స్ కాపలా పెట్టింది. అంటే యానాం ఒక వాణిజ్య కూటమిలోంచి బయటపడిన ఊరు. నిర్ణయం ఊరిది కాదు, అది వేరే విషయం. 1954లో యానాం మనలో కలిసేదాకా ఆ గీత ఉంది.

ఆ రోజుల్లో యానాం అంటే మా పెద్దవాళ్ళకి గుర్తున్నది వాచీలు, సెంటు సీసాలు, చాటుగా తెచ్చుకున్న సరుకు. వింటుంటే సరదాగానే ఉంటుంది. కానీ మా నాయనమ్మ పుట్టింటివాళ్ళు ఇంజరం వైపు వాళ్ళు. ఆవిడ చెప్పే సంగతులు వేరు. కాలవకి ఇవతల పొలం, అవతల ఇల్లు ఉన్నవాళ్ళ సంగతులు. బస్తా ధాన్యం ఇంటికి తెచ్చుకోవాలన్నా ఎవరో ఒకరికి సమాధానం చెప్పాలి. దొంగ సరుకు తెచ్చేవాడికి ఆ గీత వల్ల లాభం. సొంత ధాన్యం తెచ్చుకునేవాడికి రోజంతా వృథా. డబ్బున్న వర్తకుడు ఎవరిని పట్టుకోవాలో తెలిసినవాడు, వాడి బండి ఆగదు.

ఇప్పుడు యానాంకీ మనకీ మధ్య దేశాల సరిహద్దు లేదు. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చాక చాలా సరుకులకి పన్ను తేడా కూడా పోయింది. జీఎస్టీలో చేరనివాటిలో ముఖ్యమైనవి రెండు, పెట్రోలూ మద్యమూ. ఎదుర్లంక వంతెన మీద నిలబడి చూడండి. బియ్యం బస్తాలు వేసుకుని వచ్చే ఆటోని ఎవరూ ఆపరు. కానీ మోటర్‌సైకిల్ డిక్కీ తీయించి సీసాలున్నాయేమో చూస్తారు. మనుషులూ, రోడ్డూ, భాషా అన్నీ ఒకటే. ఏ వస్తువు మీద నియమం తేడాగా ఉందో ఆ వస్తువు కోసమే తనిఖీ నిలబడింది.

బ్రిటన్ విషయంలో చాలామందికి అర్థం కానిది ఇదేనని నాకనిపిస్తుంది. "సుంకాలు లేని ఒప్పందం కుదిరింది కదా, ఇంకేం అడ్డు?" అంటారు. నిజమే, 2020 డిసెంబరు ఒప్పందంలో సరుకుల మీద సుంకం సున్నా. కానీ నియమాలు వేరు చేసుకునే హక్కు కోసమే కదా బయటికొచ్చింది. నియమం వేరు కాగలదంటే అవతలివాడు తనిఖీ చేస్తాడు. ఇవాళ నియమం అచ్చంగా ఒకటే అయినా, రేపు మారొచ్చు కాబట్టి చేస్తాడు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, దానికి ఆనుకుని ఉన్న ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది. అక్కడ ఆ తనిఖీని ఎక్కడ పెట్టాలో తెలీక ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. నేల మీద గీస్తే పాత గొడవలు రేగుతాయి, అందుకని సముద్రంలో గీశారు. సొంత దేశంలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి సాసేజీలు పంపడానికి కాగితాలు కావాల్సొచ్చింది. 2023లో విండ్‌సర్ ఫ్రేమ్‌వర్క్ అని కొత్త ఏర్పాటు చేసుకుని, అక్కడే ఆగిపోయే సరుకుకి ఒక వరస, ఐర్లాండ్‌లోకి పోయే సరుకుకి ఇంకో వరస పెట్టుకున్నారు.

తనిఖీ తీసేస్తే ఏమవుతుందో మనకి అనుభవమే. మా వీధిలో ఉండే లారీ డ్రైవరు ఒకాయన ఆకివీడు నుంచి అస్సాం దాకా చేపల లోడు తోలేవాడు. ఐస్ పెట్టెల్లో శీలావతి, బొచ్చె. జీఎస్టీకి ముందు రోజుల గురించి అడిగితే ఆయన మొట్టమొదట చెప్పేది చెక్‌పోస్టుల గురించే. "ఆయ్, బండి తోలిన టైమ్ కంటే నిలబడ్డ టైమే ఎక్కువండి. పన్ను ఉండదండి చేపకి. అయినా లైన్లో నిలబడాల్సిందే. ఐస్ కరిగిపోతా ఉంటే చూస్తా కూచునేవాళ్ళమండి." కట్టాల్సిన పన్ను సున్నా అయినా గంటలు పోయాయి. చేపకి గంటలే డబ్బు.

ఒకే రొయ్య, రెండు పెట్టెలు

2021 జనవరిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన సముద్రపు సరుకు లారీలు లండన్‌లో ప్రధాని ఇంటి దగ్గర నిరసనకు బారులు తీరాయి. ఆ వార్త చూసినప్పుడు మన ఆక్వా జనం ఎందుకు పట్టించుకోలేదా అని ఆశ్చర్యపోయాను. అవి తోలే సరుకులో లాంగౌస్టీన్లు ముఖ్యమైనవి, మన రొయ్యకి దూరపు చుట్టాలు. ముందైతే స్కాట్లండ్‌లో సాయంత్రం పట్టిన సరుకు మర్నాటికల్లా ఫ్రాన్స్ మార్కెట్లో ఉండేది. కస్టమ్స్ గీత పడ్డాక ప్రతి లోడుకీ ఆరోగ్య ధ్రువపత్రం, దాని మీద పశువైద్యుడి సంతకం, కస్టమ్స్ డిక్లరేషను. చిన్న పడవల వాళ్ళు ఒకే లారీలో పదిమంది సరుకు కలిపి పంపుతారు. అందులో ఒక్కరి కాగితంలో తప్పుంటే లారీ మొత్తం ఆగుతుంది.

ఆల్చిప్పల వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. వేల్స్‌లోనూ, ఇంగ్లండ్ నైరుతి తీరంలోనూ "బీ" తరగతి నీళ్ళలో, అంటే తినే ముందు సరుకుని శుద్ధి చేయాల్సిన నీళ్ళలో, పట్టిన మస్సెల్స్ అనే ఆల్చిప్పల్ని బతికుండగానే యూరప్ పంపేవారు, శుద్ధి అక్కడ జరిగేది. బయటి దేశం నుంచి అయితే శుద్ధి చేసిన సరుకే లోపలికి రావాలన్నది యూరప్‌లో ఎప్పటి నుంచో ఉన్న నియమం. ఎవరూ కొత్తగా ఏమీ పెట్టలేదు. బ్రిటన్ లోపలి నుంచి బయటికి మారింది, అంతే. ఆ వ్యాపారం అక్కడితో ఆగింది.

మన దగ్గర కూడా ఆ గీత తాలూకు చిన్న ముక్క ఒకటుంది. నా మేనబావ ఒక ప్రాసెసింగ్ ప్లాంట్‌లో డాక్యుమెంటేషన్ చూస్తాడు. ఒకసారి వాళ్ళ కోల్డ్ స్టోరేజీ పక్కన ప్యాకింగ్ మెటీరియల్ గది చూపించాడు. అట్టపెట్టెల కట్టలు రెండు వరసలు. లోపల పెట్టే సరుకు ఒకటే, ఒలిచిన వనామీ రొయ్య, ఒకే సైజు. ఒక వరస పెట్టెల మీద బ్రిటన్ దిగుమతిదారు చిరునామా, ఇంకో వరస మీద యూరప్ చిరునామా. "ముందు ఒక్క పెట్టె సరిపోయేది. లండన్ పార్టీ తీసుకుని అక్కడి నుంచి డబ్లిన్‌కి పంపుకునేది. ఇప్పుడు హెల్త్ సర్టిఫికెట్లు కూడా వేరు, ఫార్మాట్ వేరు" అన్నాడు. లండన్ పార్టీ డబ్లిన్‌కి పంపడం ఎందుకు తగ్గించిందో కూడా అతనే చెప్పాడు. మన రొయ్య బ్రిటన్‌లో దిగినప్పుడు ఒకసారి సుంకం కట్టాక, ఏమీ మార్చకుండా దాన్నే ఐర్లాండ్ పంపితే యూరప్ గుమ్మంలో మళ్ళీ కట్టాలి. సున్నా సుంకం అన్నది బ్రిటన్‌లో తయారైన సరుకుకి, బ్రిటన్ మీదుగా పోయేదానికి కాదు. బ్రిటన్‌లో పెద్ద దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళకీ 2021 మొదట్లో ఇదే తలనొప్పి వచ్చింది. వాళ్ళ పెర్సీ పిగ్ మిఠాయిలు జర్మనీలో తయారై బ్రిటన్‌కొచ్చి, ఐర్లాండ్ కొట్లకి వెళ్తే సుంకం పడింది. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో 11 కొట్లు మూసేశారు.

అయినా అంత పెద్ద సంస్థ తట్టుకుంటుంది. వకీళ్ళుంటారు, డబ్లిన్‌లో ఇంకో గిడ్డంగి తీసుకుంటుంది. 2024 చివర్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు కంపెనీల వారీగా లెక్క తీశారు. కొత్త ఒప్పందం వచ్చాక దాదాపు 16,400 బ్రిటిష్ సంస్థలు యూరప్‌కి ఎగుమతి చేయడమే మానేశాయి. అంతకు ముందు యూరప్‌కి ఎగుమతి చేసేవాటిలో అది 14 శాతం. పెద్ద సంస్థల ఎగుమతులు మాత్రం తగ్గలేదు. అన్ని దేశాలకీ కలిపి బ్రిటన్ సరుకుల ఎగుమతుల మొత్తం విలువలో తగ్గుదల చూస్తే 6.4 శాతమే. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఈ లెక్కే. మొత్తం అంకె చూసేవాడికి "ఫరవాలేదే" అనిపిస్తుంది. పోయిన 16,400 మంది ఆ అంకెలో కనపడరు. వాళ్ళకి ధర్నా కూడా లేదు. ఒక చిన్న చీజ్ తయారీదారు ఫ్రాన్స్ ఆర్డర్లు ఇంక తీసుకోనని నిర్ణయించుకున్న రోజున ఏ టీవీ వాళ్ళూ రారు.

మరి మనకి మంచే జరిగింది కదా

బాబాయ్ మాటలో నిజముంది, దాన్ని దాటవేయను. కస్టమ్స్ యూనియన్‌లో ఉన్నంతకాలం బ్రిటన్ విడిగా మనతో సుంకాల ఒప్పందం చేసుకోలేదు. ఇప్పుడు చేసుకుంది. రొయ్య మీద 4.2 నుంచి 8.5 శాతం దాకా ఉన్న సుంకం సున్నా అవుతుంది. అమెరికా తలుపు సగం మూసుకున్న సమయంలో ఏ చిన్న తలుపు తెరుచుకున్నా మనకి ఊరటే. నరసాపురం లేసు పంపేవాళ్ళకీ మంచిదే. ఈ ఒప్పందం వచ్చినందుకు నాకు సంతోషం.

కానీ అది మన లాభం. బ్రిటన్ లాభం ఎంత? ఈ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో తమ ఆర్థిక వ్యవస్థకు ఏటా 480 కోట్ల పౌండ్లు, అంటే జీడీపీలో 0.13 శాతం కలుస్తుందని వాళ్ళ ప్రభుత్వమే అంచనా వేసింది. ఆస్ట్రేలియాతో చేసుకున్నది 0.08 శాతం. పోయిందనుకుంటున్నది నాలుగు. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశంతో ఒప్పందం చేసుకున్నా పక్కింటి వాడితో తెగిన సంబంధంలో పూడింది ముప్పయ్యో వంతు. ఇంగ్లిష్ ఛానల్ దాటించడానికి గంటన్నర చాలు. కాకినాడ నుంచి కంటైనరు వెళ్ళడానికి వారాలు పడుతుంది. ఎంత చవగ్గా ఇచ్చినా దూరం దూరమే.

ఇంకో లాభం మన ఊళ్ళలో బాగా కనిపిస్తుంది. యూరప్ వాళ్ళకి స్వేచ్ఛగా వచ్చి పనిచేసే హక్కు పోయాక ఆసుపత్రులకీ వృద్ధుల సంరక్షణ కేంద్రాలకీ మనుషులు చాలలేదు. 2020లో పెట్టిన ప్రత్యేక వీసా మీద మన పిల్లలు చాలామంది వెళ్ళారు. పాలకొల్లులో మా ఎదురింటి అమ్మాయి నర్సుగా వెళ్ళి ఇల్లు నిలబెట్టింది. వాళ్ళమ్మగారు నాతో అన్నారు, "ఆ తెల్లోళ్ళు యూరప్ వాళ్ళని పొమ్మనబట్టే కదండీ మా పిల్లకి ఉద్యోగం వచ్చింది" అని. కాదనలేను. అయితే ఆ తలుపు కూడా ఎంతసేపు తెరిచి ఉంది? 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలు పోయింది, మార్చి నుంచి సంరక్షణ పనివాళ్ళకీ పోయింది, 2025 జూలైలో సంరక్షణ పనికి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. వలసలు తగ్గుతాయని ఓటేసిన జనానికి వలసలు పెరిగి కనిపించాయి, ఆ కోపం మన పిల్లల మీద పడింది. అదే అమ్మాయి ఫోన్లో తరచూ చెప్పేది సరుకుల ధరల గురించి. ఆ దేశంలో వాణిజ్య అడ్డంకుల వల్ల 2023 మార్చి నాటికి ఒక్కో కుటుంబానికి ఆహారం ఖర్చు సగటున 250 పౌండ్లు అదనంగా పడిందని మరో లెక్క. జీతం తక్కువ ఉన్నవాళ్ళకే అది ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే వాళ్ళ సంపాదనలో తిండి వాటా ఎక్కువ.

కూటమి కూడా గోడే

ఇది నాకు అన్నిటికంటే కష్టమైన వాదన. భీమవరం రైతు యూరోపియన్ యూనియన్ కోసం ఎందుకు బాధపడాలి? అది లోపలివాళ్ళకి తలుపు, బయటివాళ్ళకి గోడ. 2016 నుంచి మన చెరువుల రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని యాంటీబయాటిక్స్ కోసం పరీక్షిస్తోంది. అంతకు ముందు అది పది శాతం. ఒక్క శాంపిల్ ఫెయిలైతే కంటైనరు వెనక్కొస్తుంది, ఆ దెబ్బ చివరికి చెరువు రైతు రేటులో కోతగా పడుతుంది. ఈక్వడార్ రొయ్య 2017 నుంచి, వియత్నాం రొయ్య 2020 నుంచి వాణిజ్య ఒప్పందాల దారిన యూరప్‌లోకి వెళ్తోంది. మనది ఇన్నేళ్ళూ సుంకం కట్టుకుంటూనే వెళ్ళింది. అలాంటి గోడలోంచి ఒక ఇటుక ఊడితే మనం సంతోషించాలి కదా?

దీని మీద చాలా ఆలోచించాను. గోడ మనకి నొప్పి అన్నది నిజం. కానీ దాన్నుంచి తేలేది గోడ లోపలికి వెళ్ళే దారి వెతుక్కోవాలని. లోపలున్నవాడు బయటికొస్తే లాభమని కాదు. ఈక్వడార్ చేసింది అదే. యూరప్‌తో మన చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ మొదలయ్యాయి. ఆగిపోయిన ఆ తొమ్మిదేళ్ళలో ఈక్వడార్, వియత్నాం రెండూ సంతకాలు చేసేశాయి. మన దగ్గర ఆ తొమ్మిదేళ్ళ గురించి ఒక్క ధర్నా జరిగినట్టు నాకు గుర్తులేదు. రాని ఆర్డరు కోసం ఎవరూ రోడ్డెక్కరు.

"మరి 2019లో ఆర్‌సెప్‌లోంచి, ఆ ఆసియా పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి చర్చల్లోంచి, మనం తప్పుకోవడం తప్పంటావా?" అని కోనసీమ మిత్రుడొకడు అడిగాడు. తప్పని అనను. 2010 నుంచి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో ఉన్న ఒప్పందం కింద వస్తున్న పామాయిల్ దెబ్బ అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి అమ్మేవాడికి తెలుసు. న్యూజిలాండ్ పాలపొడి వస్తే ఏమవుతుందోనన్న పాడి రైతు భయం ఉత్తది కాదు. చేరకపోవడం వేరు, చేరి దశాబ్దాలు గడిచాక వదలడం వేరు. చేరనప్పుడు ఆ ఒప్పందాన్ని నమ్ముకుని ఎవరూ ఏమీ కట్టలేదు. బ్రిటన్‌లో 1973 నుంచి కట్టుకుంటూ వచ్చారు. వేల్స్‌లో మస్సెల్స్ పడవ కొన్నవాడు, స్కాట్లండ్‌లో ఐస్ ప్లాంట్‌కి అప్పు చేసినవాడు అవతలి ఒడ్డున మార్కెట్టు ఉందన్న నమ్మకంతోనే కొన్నాడు. ఆ నమ్మకాన్ని చట్టంతో తీసేస్తే వాడి అప్పు చట్టంతో పోదు.

ప్రజలకు తమ చట్టాలు తామే చేసుకోవాలన్న కోరిక ఉంటుంది. దాన్ని నేను గౌరవిస్తాను. డబ్బు పోయినా ఫరవాలేదు, మా నిర్ణయాలు మావి కావాలి అని ఒక దేశం ఓటేస్తే అది వాళ్ళ హక్కు. నా అభ్యంతరమల్లా ఖర్చు చెప్పకుండా ఓటడగడం మీద. బయటికి వెళ్దామన్న నాయకులు ఖర్చు లేదని చెప్పి అడిగారు. ఆ తర్వాత ఖర్చు చిన్నవాళ్ళ మీద, నెమ్మదిగా, ఎవరికీ కనపడకుండా పడింది కాబట్టి, ఇప్పుడు "చూశారా, ఏమీ కాలేదు" అంటున్నారు. ఆ మాటే మన గట్ల దాకా వచ్చింది.

బ్రిటన్ ప్రభుత్వం మాత్రం ఇప్పుడు ఆ మాట అనడం లేదు. యూరప్ నుంచి వచ్చే ఆహారం మీద పెట్టాల్సిన తనిఖీలను ధరలు పెరుగుతాయన్న భయంతో మూడేళ్ళు వాయిదా వేస్తూ వచ్చి, 2024లో మొదలుపెట్టింది. 2025 మే 19న లండన్‌లో యూరప్ నాయకులతో కూర్చుని, ఆహారం, మొక్కలు, జంతువుల సరుకుల మీద తనిఖీలు చాలావరకు ఎత్తేసే ఒప్పందానికి చర్చలు జరపాలని ఒప్పుకుంది. దానికి బదులుగా ఆ రంగాల్లో యూరప్ నియమాలను, అవి మారినప్పుడల్లా మార్చుకుంటూ, పాటిస్తుంది. ఆ నియమాలు తయారయ్యేటప్పుడు అభిప్రాయం చెప్పొచ్చు, ఓటు మాత్రం ఉండదు. అదే రోజు, తమ నీళ్ళలో యూరప్ పడవలు చేపలు పట్టుకునే ఏర్పాటును ఇంకో పన్నెండేళ్ళు, 2038 దాకా పొడిగించింది.